ముహూర్తం కోసం ఆగని అన్నపూర్ణ

ఎప్పటినుండో చేయాలనుకుంటూ చేయకుండా మిగిలిపోయిన సత్కార్యం ఒకటి దాదాపు ప్రతి ఇంటిలోనూ ఉంటుంది. ఒక ఇంట అది భాగవత పారాయణం. ఇంకొక ఇంట కన్నవారి పేరిట చేయదలచిన అన్నదానం. మరొక ఇంట స్వగ్రామంలోని రామమందిరానికి సున్నం వేయించాలన్న కోరిక. సంకల్పం ఉంది. భక్తికి కొరత లేదు. చేతిలో నాలుగు డబ్బులూ లేకపోలేదు. అయినా ఏళ్లు గడుస్తున్నాయి గాని ఆ పని మొదలు కాదు. ఎందుకని మిమ్మల్ని మీరు ఎప్పుడైనా ప్రశ్నించుకున్నారా?

కారణం వెతికితే తరచుగా ఒక్కటే దొరుకుతుంది. చేస్తే ఏ లోపమూ లేకుండా చేయాలని మనం అనుకుంటాం. పారాయణం చేస్తే నియమం తప్పకుండా చేయాలి. అన్నదానం చేస్తే ఊరంతా చెప్పుకునేలా చేయాలి. అందుకు పిల్లల చదువులు పూర్తి కావాలి, అప్పు తీరాలి, ఇల్లు కుదుటపడాలి, తీరిక చిక్కాలి. వినడానికి ఈ ఆలోచన భక్తిలాగే ఉంటుంది. కాని ఫలితం చూడండి. లోపం లేకుండా చేయాలన్న పట్టుదల చివరకు అసలే చేయకపోవడంగా మారుతున్నది. పూర్ణత్వం మీది మోజు పుణ్యకార్యానికే అడ్డు నిలుస్తున్నది.

ఈ చిక్కుముడిని విప్పుకోవడానికి పెద్ద గ్రంథాలు తిరగవేయనక్కరలేదు. మన గోదావరి సీమలోనే పుట్టి, బడి మెట్లు ఎక్కకుండానే, తన వంటింటి పొయ్యి దగ్గర నిలబడి జవాబు చెప్పిన ఒక ఇల్లాలి జీవితాన్ని తలచుకుంటే చాలు. ఆమె నిరతాన్నదాత్రి డొక్కా సీతమ్మగారు.

బువ్వన్నగారి అమ్మాయి

సీతమ్మగారు 1841 అక్టోబరులో తూర్పు గోదావరి సీమలోని మండపేటలో జన్మించారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు, తల్లి నరసమ్మగారు. భవానీశంకరంగారిని ఊరివారు అసలు పేరుతో కంటే బువ్వన్నగారు అని పిలవడమే ఎక్కువ. ఆకలితో వచ్చిన ఎవరికైనా ఆయన ఇంట ఇంత బువ్వ దొరకడమే ఆ పేరుకు కారణం. పసిపిల్లలు అన్నానికి పెట్టుకున్న ముద్దుపేరు ఒక గృహస్థుకు బిరుదైందంటే, ఆ ఇంటి తీరు ఎటువంటిదో మీరే ఊహించుకోవచ్చు.

ఆ కాలపు ఆడపిల్లలందరిలాగే సీతమ్మగారికీ బడిచదువు లేదు. పెద్దలు చెప్పిన పురాణ కథలు, ఇంట కళ్లారా చూసిన అతిథి మర్యాద, ఈ రెండే ఆమె విద్య. చిన్నతనంలోనే తల్లి కన్నుమూయడంతో ఇంటి బరువు ఆ లేత భుజాల మీద పడింది. ఆ వయసు పిల్ల వండిన వంట లోపం లేకుండా ఉంటుందా? ఒక పూట అన్నం చిమిడి ఉంటుంది, ఇంకొక పూట పలుకు మిగిలి ఉంటుంది. అయితే వచ్చిన వారికి పెట్టవలసిన పూట తప్పదు కదా! చేయి తిరిగాక వండుదామని ఆగే వెసులుబాటు ఆ ఇంట ఉండదు. వండుతూ ఉంటేనే చేయి తిరుగుతుందన్నది పొయ్యి దగ్గర నిలబడిన వారందరూ ఎరిగిన సత్యం.

ఆమె పుట్టిన కాలం కూడా సామాన్యమైనది కాదు. నేడు పచ్చని కోనసీమను చూసేవారికి నమ్మశక్యం కాదు గాని, అప్పటి గోదావరి సీమ ఆకలికి నిలయం. 1833 ప్రాంతంలో వచ్చిన నందన కరవు తెలుగునాట ఎన్నో గ్రామాలను ఊడ్చిపెట్టింది. 1839లో కోరంగి మీద విరుచుకుపడిన తుపాను తీరాన్ని ముంచింది. 1821లో ఏడు లక్షలు దాటిన రాజమండ్రి జిల్లా జనసంఖ్య, సరిగా సీతమ్మగారు పుట్టిన 1841 నాటికి అయిదు లక్షల అరవై వేలకు పడిపోయింది. నిండు గోదావరి పక్కనే పారుతూ సముద్రంలో కలుస్తుంటే, ఒడ్డున ఉన్నవారు అన్నం లేక నశించిపోయారు.

ఆ దుస్థితిని మార్చడానికి పూనుకున్నవారు సర్ ఆర్థర్ కాటన్ దొర. 1844లో ఆయన ఈ ప్రాంతాన్ని పరిశీలించి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టవచ్చునని నివేదించారు. 1846 చివర అనుమతి లభించింది. ఆయన ఆరుగురు ఇంజనీర్లనూ, వారికి సహాయకులనూ, వేలాది తాపీపనివారినీ కోరగా, ప్రభుత్వం ఇచ్చింది ఒక యువ అధికారిని, ఇద్దరు సర్వేయర్లను, కొందరు పని నేర్చుకునేవారిని మాత్రమే. కోరినవన్నీ సమకూరాకే పని మొదలుపెడతానని ఆయన కూర్చోలేదు. దొరికిన వారితోనే 1847లో మొదలుపెట్టి, గోదావరి నాలుగు పాయలకు అడ్డుగా 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేశారు. అప్పటికి సీతమ్మగారికి పదకొండేళ్లు. ఆమె పెరిగి పెద్దదవుతున్న ఏళ్లలోనే కాలువల నీరు చేలకు చేరి గాదెలు నిండసాగాయి. ఆ తరువాతి కాలంలో ఆమె చేసిన అన్నదానానికి ఆధారమైన ధాన్యం ఈ నీటి చలువే. మంచి పనికి కావలసినవన్నీ ముందుగా చేతికి రావన్న పాఠం ఆ నేలలోనే ఉంది.

లంకల గన్నవరం లోగిలి

లంకల గన్నవరం గ్రామం నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో, పి.గన్నవరం మండలంలో, గోదావరి పాయ దరిని ఉంది. ఆ గ్రామంలో డొక్కా జోగన్న పంతులుగారు వేదవిద్య ఎరిగినవారు, స్థితిమంతులైన రైతు. ఒకమారు ఆయన పండిత సభకు వెళ్లి తిరిగివస్తూ, భోజనవేళకు మండపేట చేరి భవానీశంకరంగారి ఇంట అతిథి అయ్యారనీ, ఆ ఇంటి అమ్మాయి ఆదరణ చూసి ముచ్చటపడి ఆమెను వివాహమాడారనీ పెద్దలు చెబుతారు. అన్నం పెట్టిన చేయి అలా ఆయన ఇంటికే వచ్చింది.

వంతెనలు లేని ఆ రోజుల్లో కోనసీమలో ప్రయాణమంటే పడవలే. ఒక పాయ దాటాక ఇంకొక పాయ. గాలి ఎదురైతే పడవ ఆలస్యమవుతుంది. వరద వస్తే రేవు మూతపడుతుంది. బాటసారి ఏ వేళకు ఒడ్డు చేరతాడో ఎవరూ చెప్పలేరు. అలా అలసి, ఆకలితో ఒడ్డెక్కిన వారికి జోగన్న పంతులుగారి ఇల్లు కనిపించేది. తొలుత ఒకరిద్దరు వచ్చారు. వారికి కడుపునిండా అన్నం దొరికింది. వారు ఇంకొకరికి చెప్పారు. ఆ దారిన పోయేవారందరికీ ఆ ఇల్లు ఒక మజిలీ అయింది.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. సీతమ్మగారు అన్నసత్రం స్థాపించాలని మంచిరోజు చూసి శంకుస్థాపన చేయలేదు. ఎంతమంది వస్తారో, ఎన్ని పుట్ల ధాన్యం కావాలో, ఎన్నేళ్లు సాగుతుందో లెక్కలు వేసి ఆ పనికి దిగలేదు. గుమ్మంలో నిలిచిన ఒక్క మనిషికి అన్నం పెట్టారు. మరునాడు మరొకరికి పెట్టారు. ఆ ఒక్కొక్క పూట కలిసి దశాబ్దాల మహాయజ్ఞమైంది. మహాయజ్ఞం చేయాలనే మొదట అనుకుని ఉంటే, బహుశా ఆ మొదటి మనిషి ఆకలితోనే వెళ్లిపోయి ఉండేవాడు.

వేళ కాని వేళ వచ్చిన అతిథికి పంచభక్ష్య పరమాన్నాలు ఎక్కడి నుండి వస్తాయి? గృహిణులైన మీకు ఇది బాగా తెలుసు. అర్ధరాత్రి తలుపు తట్టిన వారి కోసం పొయ్యి మళ్లీ రాజేసి ఎసరు పెట్టడమే గొప్ప. ఆ అన్నంలోకి ఉన్న పప్పో, పులుసో, అదీ లేకపోతే ఊరగాయ, మజ్జిగ. విందు భోజనం కాదే అని ఇల్లాలు చిన్నబుచ్చుకుని తలుపు తీయకపోతే, లోపల ఆమె మర్యాద నిలబడవచ్చు గాని బయట ఆకలి అలాగే ఉంటుంది. సీతమ్మగారు ఏ వేళనైనా అన్నం పెట్టేవారన్న కీర్తికి అర్థం ఇదే. ఉన్నది, ఉన్నప్పుడే, ఉన్నంతలో పెట్టారు. వచ్చినవారి కులమూ గోత్రమూ అడగకుండా పెట్టారు. ఆచారాల కట్టుబాట్లు మిక్కుటంగా ఉన్న ఆ రోజుల్లో ఒక శ్రోత్రియ కుటుంబంలోని స్త్రీకి ఇది చిన్న సాహసం కాదు.

ఎన్ని గాదెలైనా తీస్తూ పోతే తరుగుతాయి. ఆ ఇంటి ఆస్తి కూడా కాలక్రమాన కరిగిందని చెబుతారు. అయినా జోగన్న పంతులుగారు ఇల్లాలి చేయి పట్టుకుని ఆపలేదు. భర్త అనంతరం కూడా ఆమె ఆ పొయ్యిని ఆరనివ్వలేదు. అన్నీ పుష్కలంగా ఉన్నప్పుడు మాత్రమే చేసే దానానికీ, తరుగుతున్నప్పుడు కూడా సాగే దానానికీ ఉన్న తేడా మీకు వేరుగా చెప్పనవసరం లేదు.

అంతర్వేది దారిలో

సీతమ్మగారి జీవితంలో గోదావరి ప్రజలు తరతరాలుగా చెప్పుకుంటున్న ఘట్టం ఒకటుంది. వినడానికి చాలా చిన్నది. ఆలోచిస్తే చాలా లోతైనది.

వసిష్ఠ గోదావరి సాగరంలో కలిసే చోట వెలసిన అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కోనసీమ వాసుల ఇలవేల్పు. మాఘమాసంలో స్వామి కల్యాణానికి జనం తండోపతండాలుగా తరలివెళతారు. సీతమ్మగారికి ఆ స్వామిని దర్శించాలని చిరకాల వాంఛ. కాని నిత్యం అన్నార్తులు వచ్చే ఇల్లు విడిచి కదలడం ఎలా? ఎన్నో ఏళ్లకు ఒకనాటికి వీలు చిక్కింది. ఆమె మేనాలో అంతర్వేదికి బయలుదేరారు.

దారిలో కొంతసేపు బోయీలు అలుపు తీర్చుకోవడానికి మేనా దించారు. దగ్గరలోనే కొందరు ప్రయాణికులు కూడా ఆగి ఉన్నారు. వారి వెంట ఉన్న పసిపిల్లలు ఆకలికి తాళలేక ఏడుస్తున్నారు. పెద్దలు ఆ పిల్లలను ఓదారుస్తూ, ఇంకాస్త ఓపిక పట్టమనీ, లంకల గన్నవరం చేరితే సీతమ్మగారి ఇంట కడుపునిండా అన్నం దొరుకుతుందనీ చెబుతున్నారు. ఆ మాటలు మేనాలోని సీతమ్మగారి చెవిన పడ్డాయి. మేనాలో ఉన్నది ఆమేనని ఆ ప్రయాణికులకు తెలియదు.

ఆమె వెంటనే మేనాను వెనుకకు తిప్పమన్నారు. ఆ ప్రయాణికుల కంటే ముందే ఇల్లు చేరి, వంట చేసి, వారు గుమ్మం ఎక్కేసరికి విస్తళ్లు వేయించారని చెబుతారు.

మహాశయులారా, ఈ ఘట్టం దగ్గర ఒక్క క్షణం ఆగండి. భగవద్దర్శనానికి బయలుదేరి సగం దారిలో తిరిగిరావడం మన ఇళ్లలో ఎంత పెద్ద మాటో మీకు తెలుసు. మొక్కు చెల్లించకపోతే అపచారమని మన పెద్దలు భయపడతారు. యాత్ర నడిమధ్యన మానితే దోషమంటారు. సీతమ్మగారు భక్తురాలు. ఈ భయం ఆమెకు లేదని అనుకోలేము. మరి ఎలా తిరిగివచ్చారు?

ఆమె ఎదుట రెండు పనులు ఉన్నాయి. ఒకటి ఎన్నాళ్లుగానో తలచుకుని, సిద్ధం చేసుకుని, సక్రమంగా జరిపించుకోవాలనుకున్న యాత్ర. రెండవది ఇప్పుడే, ఇక్కడే, తన పేరు చెప్పుకుని ఆకలి ఓర్చుకుంటున్న పసిపిల్లలు. యాత్రను పూర్తి చేసి తిరిగివచ్చాక ఆ పిల్లలకు పెట్టడం కుదరదు. యాత్ర రేపటికి ఆగుతుంది, ఆకలి ఆగదు. తన యాత్ర అసంపూర్ణంగా మిగిలిపోవడాన్ని ఆమె అంగీకరించారు. ఆ పిల్లల ఆకలిలోనే ఆమె నరసింహస్వామిని దర్శించుకున్నారని గోదావరి ప్రజలు విశ్వసిస్తారు. ప్రహ్లాదుడు పిలిచినప్పుడు స్వామి కూడా ముహూర్తం చూసుకోలేదు. పగలూ కాని, రాత్రీ కాని సంధ్యవేళలో, ఉన్నపాటున స్తంభం నుండి వచ్చారు. ఆ స్వామి భక్తురాలు ఉన్నపాటున వెనుదిరగడంలో వింత ఏముంది?

చక్రవర్తి పిలుపు

ఆమె కీర్తి సముద్రాలు దాటింది. బ్రిటిష్ చక్రవర్తి ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకం 1902 జూన్ 26న జరగవలసి ఉండగా, ఆయన అనారోగ్యం వల్ల ఆగస్టు 9కి వాయిదా పడింది. ఆ సందర్భాన్ని పురస్కరించుకుని 1903 జనవరి 1న ఢిల్లీలో గొప్ప దర్బారు జరిగింది. ఆ ఉత్సవానికి సీతమ్మగారికి ఆహ్వానం అందిందనీ, ఆమె వినయంగా నిరాకరించారనీ, అన్నం పెట్టడం పేరు కోసం చేసే పని కాదని ఆమె భావించారనీ చెబుతారు.

రాలేకపోతే కనీసం ఛాయాచిత్రమైనా పంపమని పైనుండి జిల్లా కలెక్టరుకు ఉత్తర్వు వచ్చిందట. ఆమె దానికీ ఇష్టపడలేదు. చివరకు ఆ చిత్రం పంపలేకపోతే తన ఉద్యోగానికే ముప్పని ఆ అధికారి మొరపెట్టుకోగా, ఒకరి జీవనాధారం పోకూడదన్న దయతో మాత్రమే ఒప్పుకున్నారట. ఆ చిత్రానికి దర్బారులో గౌరవస్థానం కల్పించారని గోదావరి సీమలో నేటికీ చెప్పుకుంటారు. చక్రవర్తి పేరిట ఆమెకు ప్రశంసాపత్రం లభించింది.

ఈ కథలో మనకు కావలసిన సూక్ష్మం ఒకటి ఉంది. లోపం లేకుండా చేయాలన్న మన పట్టుదల వెనుక చాలాసార్లు దాగి ఉండేది నలుగురూ ఏమనుకుంటారోనన్న జంకు. వడ్డన బాగాలేదంటారేమో, పంతులుగారు తప్పు పడతారేమో, ఇంత చిన్నగా చేశారేమిటని చుట్టాలు నవ్వుతారేమో. ఈ జంకే మనల్ని వాయిదా బాట పట్టిస్తుంది. పొగడ్త అక్కరలేనివారికి విమర్శ భయం కూడా ఉండదు. చక్రవర్తి మెప్పునే కోరని ఆ ఇల్లాలికి, విస్తట్లో రెండు కూరలు తక్కువైతే ఊరు ఏమంటుందోనన్న చింత ఎందుకుంటుంది? ఆమె చూపు విస్తరి ముందు కూర్చున్న మనిషి మీదే ఉంది.

సీతమ్మగారు 1909లో పరమపదించారు. అప్పటికి లోకంలో ఆకలి తీరిపోలేదు. ఆమె మొదలుపెట్టిన పని పూర్తి కాలేదు, పూర్తయ్యేది కూడా కాదు. అయినా ఎవరైనా ఆమె జీవితాన్ని అసంపూర్ణమని అనగలరా? పి.గన్నవరం వద్ద కాలువ నీటిని వైనతేయ గోదావరి మీదుగా ఆవలి లంకలకు చేర్చడానికి 19వ శతాబ్ది మధ్యలో 49 కమానులతో పాత అక్విడక్టు కట్టారు. దాని పక్కనే 2000 సంవత్సరంలో కట్టిన కొత్త అక్విడక్టుకు సీతమ్మగారి పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాల పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. ఆకలితో ఏడ్చిన పిల్లల కోసం యాత్ర మానుకున్న తల్లి పేరు, బడిలో విస్తరి ముందు కూర్చునే పిల్లల నోట ఇలా నిలిచింది. పని ఒకరు మొదలుపెడితే, దానిని పట్టుకోవడానికి వెనుక ఎన్నో చేతులు వస్తాయి. మొదలే పెట్టని పనిని ఎవరూ కొనసాగించలేరు.

లోపం లేని పూజ ఉన్నదా?

మన సంప్రదాయం ఈ విషయంలో ఏమంటున్నదో కూడా చూద్దాం. మీరు ఇంట ఏ పూజ చేసినా, చివర అక్షతలూ నీళ్లూ విడుస్తూ ఒక క్షమాప్రార్థన చదువుతారు. మంత్రంలో లోపం ఉండవచ్చు, క్రియలో లోపం ఉండవచ్చు, భక్తిలోనే లోపం ఉండవచ్చు, అయినా దీనిని పరిపూర్ణంగా స్వీకరించమని స్వామిని వేడుకుంటారు. ఈ ప్రార్థన ఒక్క సామాన్యుల కోసమే పెట్టింది కాదు. వేదపండితుడు చేసిన పూజ చివర కూడా ఇదే ఉంటుంది. అంటే లోపం లేని పూజ మానవమాత్రులకు సాధ్యం కాదని మన ఋషులకు ముందే తెలుసు. తెలిసి కూడా వారు పూజ మానమనలేదు. చేయండి, చేశాక క్షమాపణ కోరండి అన్నారు. చేయడం మన వంతు, పూర్ణం చేయడం ఆయన వంతు.

గీతాచార్యుని బోధ కూడా ఇదే దారిలో ఉంది. ధర్మాచరణ ఎంత స్వల్పమైనా వృథా పోదని ఆయన అర్జునునికి అభయమిచ్చాడు. పొగ వస్తుందని పొయ్యి వెలిగించడం మానే ఇల్లాలు ఉంటుందా? కళ్లు మండినా, ఊదుకుంటూ, తుడుచుకుంటూ వంట చేస్తుంది. మంచి పనికి చిన్న చిన్న లోపాలు ఆ పొగ వంటివి.

అరణ్యవాసంలో ద్రౌపదీదేవి ఎదుర్కొన్న కష్టం మీరు విన్నదే. దూర్వాస మహర్షి శిష్యగణంతో వచ్చేసరికి అక్షయపాత్ర కడిగి బోర్లించి ఉంది. ఆదుకోవడానికి వచ్చిన కృష్ణపరమాత్మ తన ఆకలి తీర్చమన్నాడు. పాత్ర అంచున అంటుకున్న చిన్న ఆకుకూర రేకు తప్ప ఆమె వద్ద ఏమీ లేదు. అతిథి మర్యాదకు ఇది తగునా అని సిగ్గుపడి ఆ పాత్రను దాచి ఉంటే కథ మరోలా ఉండేది. ఆ రేకుతోనే స్వామి తృప్తి చెందాడు. ఆయన తృప్తితో లోకం తృప్తి చెందింది. భగవంతుడు మన పాత్రలో ఎంత ఉందో కొలవడు, చేయి చాచామా లేదా అన్నదే చూస్తాడు.

అయితే ఒక్క హెచ్చరిక. ఎలా చేసినా ఫరవాలేదని దీనికి అర్థం కాదు. శ్రద్ధ వేరు, లోపభయం వేరు. శ్రద్ధ ఉన్నవారు ఉన్న బియ్యాన్నే రాళ్లు ఏరి, కడిగి, వేడిగా వండి, ఆదరంతో పెడతారు. లోపభయం ఉన్నవారు సన్నబియ్యం దొరికే వరకు పొయ్యి ముట్టించరు. శ్రద్ధ పనిలో ఉంటుంది, భయం పనికి ముందే మనల్ని ఆపుతుంది. సీతమ్మగారిలో ఉన్నది శ్రద్ధ. ఆమె వద్ద నేర్చుకోవలసింది కూడా అదే.

ఈ పూట మీ ఇంట

కంచి పరమాచార్య చంద్రశేఖరేంద్ర సరస్వతీ స్వామివారు గృహిణులకు ఒక సులభమైన మార్గం చూపారు. రోజూ వంటకు బియ్యం కొలిచేటప్పుడు ముందుగా ఒక్క పిడికెడు బియ్యం, ఒక నాణెం పక్కన పెట్టమన్నారు. ఇంటింటా పోగైన ఆ బియ్యాన్ని కూర్చి, దగ్గరలోని ఆలయంలో నివేదించి, పేదలకు పంచాలన్నది ఆ పథకం. పిడికెడు బియ్యానికి ముహూర్తం అక్కరలేదు. అప్పు తీరే వరకు ఆగనక్కరలేదు. పిల్లల పెళ్లిళ్లు అయ్యాక చూద్దామనుకోనక్కరలేదు. ఆ పిడికిలి చిన్నదే. కాని ఈ రోజే తెరుచుకుంటుంది.

మీ మనసులో ఏళ్లుగా వేచి ఉన్న ఆ సత్కార్యాన్ని ఒకసారి తలచుకోండి. పద్దెనిమిది వేల శ్లోకాల భాగవతం చదవలేమని ఆగిపోయారా? ఈ సాయంత్రం దీపం పెట్టాక ఒక్క పుట చదవండి. నోరు తిరగకపోతే నెమ్మదిగా చదవండి. తప్పు పోతే సరిదిద్దుకుని ముందుకు సాగండి. వేయిమందికి అన్నదానం చేయలేమని ఆగారా? మీ వీధి చివర కాపలా ఉండే వృద్ధునికి ఈ మధ్యాహ్నం ఒక విస్తరి పంపండి. గుడికి గోపురం కట్టించలేమని కుంగిపోయారా? ఆ గుడి అరుగు మీద ఎండుటాకులు ఊడ్చి ఒక ప్రమిద వెలిగించండి. ఊరిలో ఉన్న తల్లిదండ్రుల వద్దకు పది రోజుల సెలవు దొరికాక వెళ్దామనుకుంటున్నారా? ఒక్క రోజుకే వెళ్లి రండి. ఆ పది రోజులు దొరికేనాటికి ఎదురుచూసే కళ్లు ఉండకపోవచ్చు.

కాశీలో అన్నపూర్ణమ్మ గరిటె పట్టుకుని నిలుచుని ఉంటుంది. భిక్ష వేయడానికి సిద్ధంగా ఉన్న చేయి ఆమెది. ఆ తల్లి గరిటెనే పట్టుకుని గోదావరి ఒడ్డున ఒక సామాన్య గృహిణి జీవితమంతా నిలుచున్నారు. ఎంతమందికి పెట్టగలమో, ఎన్నాళ్లు పెట్టగలమో ఆమెకు తెలియదు. ఎదుట ఉన్న విస్తరి మాత్రం ఖాళీగా ఉంచలేదు.

ఈ ఆదివారం మీ ఇంట పొయ్యి మీద ఎసరు మరుగుతూ ఉండవచ్చు. బియ్యం పోసే ముందు ఒక్క పిడికెడు ఎక్కువ పోయండి. అది ఎవరి కోసమో ఇప్పుడే తెలియనక్కరలేదు. అన్నం ఉడికేలోగా ఆ మనిషిని నరసింహస్వామే మీ గుమ్మానికి పంపుతాడు.